అలమరలో చోటివ్వదగ్గ సినిమాలు: బ్లూరే డిస్కులు ఎలా ఎంచుకోవాలి?

తిరుపతిలో ఆటో ఎక్కి ‘లీలామహల్’ అంటే డ్రైవరు తీసుకెళ్లి కూడలిలో దింపుతాడు. సినిమాకా అని అడగడు. వీవీ మహల్ రోడ్డు సంగతీ అంతే. హాళ్ల పేర్లు దారులకు మిగిలాయి. వాటిలో చూసిన సినిమాలు మళ్లీ చూడాలంటే మాత్రం ఫోనులో వెతుక్కోవాలి. నిరుడు ఉన్నది ఈ ఏడు ఉండదు. ఉన్నదాంట్లో పాటలు కోసేసి ఉంటాయి, లేదా తెర మూల ఏదో గుర్తు మెరుస్తూ ఉంటుంది. ఆ విసుగుతోనే కొన్ని సినిమాలను బ్లూరే డిస్కుల (డీవీడీల తరువాత వచ్చిన, బొమ్మ మరింత స్పష్టంగా ఉండే డిస్కుల) రూపంలో కొని ఇంట్లో పెట్టుకోవడం మొదలుపెట్టాను. బైరాగిపట్టెడలోని మా ఇంటి అలమరలో ఒకప్పుడు 120 ఉండేవి, ఇప్పుడు 43 ఉన్నాయి. మిగతా 77 ఎందుకు పంచిపెట్టానో తెలిస్తే, కొత్తగా మొదలుపెట్టే మీకు ఆ డబ్బు మిగులుతుంది.

ముందు కాగితం, తరువాత డబ్బు

ఒక సాయంత్రం ఫోను పక్కన పడేసి కూర్చోండి. మీకు ఇష్టమైన సినిమాలు గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు ఓ ఇరవై రాయండి. ఫోను చేతిలో ఉంటే ఆ జాబితా మీది కాకుండా పోతుంది. రాశాక ఒక్కో పేరు ఎదుట రెండు సంగతులు చేర్చండి: ఇప్పటికి ఎన్నిసార్లు చూశారు, తలచుకోగానే ముందుగా ఏం గుర్తొస్తోంది.

రెండోదే అసలు పరీక్ష. మాట గుర్తొస్తే ఆ సినిమాకు డిస్కు అక్కర్లేదు. హాస్య సన్నివేశాలను మనవాళ్లు కళ్లు మూసుకొని అప్పజెబుతారు, అరచేతిలో తెర మీద చూసినా అంతే నవ్వొస్తుంది. చివరి మలుపు గుర్తొచ్చినా అక్కర్లేదు, అది తెలిశాక రెండోసారికి ఏమీ మిగలదు. వెలుగు, వాన, దుమ్ము, ఒక ముఖం మీద పడిన నీడ, ఒక వాద్యం పలికిన తీరు గుర్తొస్తే ఆ పేరు చుట్టూ గీత గీయండి. పెద్ద తెర, మంచి శబ్దం ఉంటే ఎక్కువ దక్కేవి అవే. నేను పంచిపెట్టిన 77లో సగానికి పైగా మాటలకూ మలుపులకూ మురిసి కొన్నవే.

ఒక్క మినహాయింపు ఉంది. మీరు ఒక్కసారే చూసినా, మీ పిల్లలకు పదేళ్లు వచ్చాక తప్పకుండా చూపించాలని అనిపించిన సినిమాను కొట్టేయకండి.

సినిమా పుట్టుక విచారించండి

పెళ్లి సంబంధానికి ఇంటిపేరు, ఊరు కనుక్కున్నట్టే డిస్కు కొనేముందు ఆ బొమ్మ దేని మీద తీశారో, దేని నుంచి డిస్కుకు ఎక్కించారో కనుక్కోవాలి. ఇది తెలియక పోగొట్టుకునే డబ్బే ఎక్కువ.

మన ఇళ్లలో వాడిన డీవీడీలో చిత్రం నిలువున 576 గీతలు ఉంటుంది, బ్లూరేలో 1080. డీవీడీలో ఒక పొరకు 4.7 గిగాబైట్లు పడితే బ్లూరేలో 25 పడతాయి, రెండు పొరలుంటే 50. 2016లో వచ్చిన 4కె డిస్కుల్లో గీతలు 2160, సామర్థ్యం 100 గిగాబైట్ల దాకా. ఇదంతా పాత్ర సైజు. అందులో పోసే పాలు ఎలాంటివన్నది వేరే సంగతి.

35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీసిన సినిమా నెగెటివ్ (కెమెరాలో తిరిగిన అసలు రీలు) బాగా ఉంటే, దానిలో బ్లూరే చూపగలిగినదానికంటే ఎక్కువ వివరమే దాగి ఉంటుంది. అందుకే 1950లలో తీసిన నలుపు తెలుపు సినిమా, మొన్నమొన్నటి వీడియో కెమెరా ధారావాహిక కంటే స్పష్టంగా కనిపించగలదు. నెగెటివ్ నుంచి స్కాన్ చేస్తే ఆ వివరం వస్తుంది. ఊరూరూ తిరిగి గీతలు పడ్డ ప్రింటు నుంచి చేస్తే కొంతే వస్తుంది. టీవీ వాళ్ల పాత టేపును సాగదీసి బ్లూరే అని అచ్చు వేస్తే ఏమీ రాదు. ఈ మూడో రకం డిస్కు ఒకటి వెయ్యికి పైగా పోసి కొన్నాను. పట్టుచీర జరీ అంచు ఒక పసుపు మరకలా కనిపించింది. అప్పటి నుంచి ఏ డిస్కునైనా మొదట జరీ అంచు, జుట్టు, ఆలయ గోపురం మీది బొమ్మలు చూసి తూకం వేస్తాను. మీరూ అదే చేయండి.

ఇంకో మోసం దీనికి తలకిందులు. ఫిల్ము మీద సహజంగానే సన్నని ఇసుక లాంటి రేణువులు కదులుతుంటాయి. అవి లోపమనుకొని కంప్యూటరుతో తుడిచేస్తే, వాటితో పాటు చర్మం మీది ముడతలు, గుడ్డ నేత కూడా పోయి మనుషులు మైనపు బొమ్మల్లా తయారవుతారు. 1987 నాటి హాలీవుడ్ చిత్రం ‘ప్రిడేటర్’కు 2010లో వచ్చిన బ్లూరే ఈ విషయంలో ఇప్పటికీ అపఖ్యాతి మోస్తోంది. రేణువులు కనిపిస్తే డిస్కు చెడిందని వెనక్కి ఇవ్వకండి. అవి ఉన్నాయంటే చాలావరకు మంచి స్కానే.

అట్ట వెనక చదవడం

ముందువైపు హీరో బొమ్మ ఉంటుంది, దానితో పని లేదు. పెట్టె తిప్పండి.

మన దేశంలో అమ్మే వీడియో డిస్కు పెట్టె మీద సెన్సారు ధ్రువపత్రం నకలు, తయారు చేసిన వారి పేరు, చిరునామా ఉండాలని కాపీరైట్ చట్టంలోని 52ఎ సెక్షన్ చెబుతోంది. అవి లేకుండా, అట్ట మీది అక్షరాలు మసకగా ఉంటే అది దొంగ సరుకు. ధర ఎంత తగ్గించినా దించేయండి.

తరువాత చిన్న ఆరు పలకల గుర్తులో ఏ, బి, సి అన్న అక్షరాల్లో ఏది ఉందో చూడండి. ప్రపంచాన్ని మూడు ముక్కలు చేసి, ఒక ముక్క డిస్కు మరో ముక్క ప్లేయర్లో ఆడకుండా కట్టడి చేశారు. మనదేశం, చైనా, రష్యా సి కిందికి వస్తాయి. అమెరికా, జపాన్, సింగపూర్ ఏ. ఐరోపా, గల్ఫ్, ఆస్ట్రేలియా బి. మూడు అక్షరాలూ ఉంటే ఎక్కడైనా ఆడుతుంది. ‘బాహుబలి’ జపాన్‌లో బాగా ఆడింది, అక్కడ బ్లూరే కూడా చక్కగా తెచ్చారు. ఆ పెట్టె అందానికి మురిసి తెప్పించుకున్నాను. మా ప్లేయరు రెండు నిమిషాలు గుర్రుమని, ఈ ప్రాంతపు డిస్కు కాదని తెర మీద ఒక వాక్యం చూపి ఊరుకుంది. తప్పు నాదే, అక్షరం చూడలేదు. 4కె డిస్కులకు ఈ కట్టడి లేదు, కాకపోతే అవి మామూలు బ్లూరే ప్లేయర్లో ఆడవు. 4కె పెట్టెలో పక్కనే మామూలు బ్లూరే కూడా పెట్టి అమ్ముతుంటారు, దానికి మాత్రం అక్షరం చూసుకోవాలి.

శబ్దం దగ్గర ‘డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్’ అనో ‘డాల్బీ ట్రూ హెచ్‌డీ’ అనో ఉంటే స్టూడియోలో కలిపిన శబ్దం నష్టం లేకుండా వచ్చిందని అర్థం. ఉపశీర్షికలు ఏ భాషలో ఉన్నాయో కూడా అక్కడే చూడండి. తెలుగులో ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు.

నెట్‌లో చూస్తే సరిపోదా అని మీ ఇంట్లో అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. 1080 గీతల చిత్రానికి సెకనుకు 5 మెగాబిట్ల వేగం చాలని స్ట్రీమింగ్ సంస్థలు చెబుతుంటాయి. బ్లూరేలో శబ్దం కాక ఒక్క బొమ్మకే సెకనుకు 40 మెగాబిట్ల దాకా చోటుంది. పగటి దృశ్యాల్లో తేడా అంతగా తెలియదు. చీకటి, పొగ, వాన, జనసమూహం వచ్చినప్పుడు నెట్ బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది.

ప్లేయరు, డిస్కులు ఎక్కడ దొరుకుతాయి

ప్లేయరు కొత్తది దొరకడం కష్టమవుతోంది. శామ్‌సంగ్ 2019లోనే ఈ రంగం నుంచి తప్పుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో పిల్లల ప్లేస్టేషన్ 5 ఉండి, దానికి డిస్కు పెట్టే అర ఉంటే మామూలు బ్లూరే, 4కె రెండూ ఆడతాయి, వేరే ప్లేయరు కొనకండి. ప్లేస్టేషన్ 4 అయితే మామూలు బ్లూరే వరకే. 2025 ఫిబ్రవరిలో సోనీ బ్లూరేలు ఆపేసిందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. ఆపింది మనం నింపుకొనే ఖాళీ డిస్కుల తయారీని, సినిమా అచ్చు వేసిన వాటిని కాదు.

పాతది కొంటే ఇంటి నుంచి ఒక రెండు పొరల డిస్కు తీసుకెళ్లి, సినిమా చివరి అరగంటకు దూకించి చూడండి. లెన్సు అరిగిన ప్లేయరు మొదటి గంట బాగానే నడిచి, చివర్లో ఆగిపోతుంది. మనకు చెన్నై దగ్గర కనుక ఉదయం రైలెక్కి రిచీ స్ట్రీట్ తిరిగి రాత్రికి ఇల్లు చేరవచ్చు. బేరం ఆడండి, కానీ ఆడించి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

డిస్కుల విషయంలో తిరుపతి వాళ్లకు ఒక వరం ఉంది. విదేశాల్లో ఉన్న చుట్టాలు ఎప్పుడో ఒకప్పుడు దర్శనానికి రాక తప్పదు, దిగేది మన ఇంట్లోనే. గది, వాహనం, దర్శనం టికెట్ల గురించి వాళ్లు ఫోను చేసినప్పుడు మీ జాబితాలోంచి రెండు పేర్లు చెప్పండి. వచ్చేది అమెరికా నుంచా, దుబాయ్ నుంచా అన్నదాన్ని బట్టి అక్షరం మరచిపోకుండా చెప్పండి. మా అత్తయ్యగారి అబ్బాయి ఇలా తెచ్చిన ఆరు డిస్కులకు నేను ఇచ్చుకున్నది లడ్డూలే. తపాలాలో తెప్పించుకుంటే సుంకం పడవచ్చు, డిస్కు ధర కంటే ఆ చికాకే ఎక్కువ.

ఇక ఏవి కొనాలి

‘మాయాబజార్’ పేరు చెప్పకుండా ఈ పని మొదలవదు. 1957లో కె.వి.రెడ్డి తీసిన ఈ సినిమాకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. 2010లో రంగులద్దిన ప్రతి కూడా హాళ్లలో ఆడింది, మా పిల్లలకు అదే ఇష్టం. నేను మాత్రం నలుపు తెలుపు ప్రతికే ఓటు వేస్తాను. ‘లాహిరి లాహిరి’ పాటలో బార్ట్‌లీ పుట్టించిన వెన్నెల బూడిద రంగులోని పదిరకాల ఛాయలతో కట్టినది. రంగు వేస్తే అది నీలం గుడ్డ కప్పినట్టు అవుతుంది. పూర్తి నిడివితో, చుట్టూ కోయకుండా, మంచి స్కానుతో ఉన్న ప్రతి ఏ రూపంలో దొరికినా తీసుకోండి.

సత్యజిత్ రాయ్ అపు త్రయం (అపు అనే అతని జీవితాన్ని చెప్పే మూడు బెంగాలీ సినిమాలు) రెండోది. వరుసలో రెండోది అన్నాను గాని నా అలమరలో మొదటి చోటు దానిదే. వాటిలో మొదటిది ‘పథేర్ పాంచాలీ’ 1955లో వచ్చింది. ఈ మూడు చిత్రాల నెగెటివ్‌లు 1993లో లండన్‌లోని ఒక లేబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో చిక్కుకున్నాయి. కాలి, ముడుచుకుపోయిన ఆ రీళ్లను పారేయకుండా అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ దాచిపెట్టింది. ఏళ్ల తరువాత ఇటలీలోని బొలోన్యా నిపుణులు పెళుసుబారిన ఫిల్ముకు తేమ పట్టించి, చిరిగిన అంచులు చేత్తో అతికి, స్కాన్ చేయగలిగినంత చేశారు. పనికిరానంతగా పాడైన భాగాలను వేరేచోట భద్రంగా ఉన్న ప్రతుల నుంచి పూరించారు. అలా బాగుపడ్డ ప్రతిని క్రైటీరియన్ సంస్థ 2015లో బ్లూరేగా తెచ్చింది. రెల్లుపూల మధ్య నుంచి పిల్లలిద్దరూ రైలు చూసే ఘట్టంలో ఒక్కో పూవూ విడిగా ఊగుతుంది. స్వర్ణముఖి ఒడ్డున పుట్టి పెరిగిన వాళ్లకు ఆ తెలుపు గురించి నేను చెప్పనక్కర్లేదు. ఆ డిస్కు మీది అక్షరం ‘ఏ’, అంటే అమెరికా చుట్టం పని.

మే నెలలో రేణిగుంట దారిన మిట్టమధ్యాహ్నం వెళ్లి ఉంటే ఎండమావి తెలిసే ఉంటుంది. డేవిడ్ లీన్ 1962లో తీసిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో బావి దగ్గర ఒక ఘట్టం ఉంది. దూరాన వణుకుతున్న గాలిలో ఒక నల్ల చుక్క పుట్టి, నింపాదిగా ఒంటె అయి, మనిషి అవుతుంది. ఫోనులో ఆ చుక్క కనపడదు, కనపడకపోతే ఆ ఘట్టమే లేదు. సాధారణ ఫిల్ము కంటే దాదాపు రెట్టింపు వెడల్పున్న 65 మిల్లీమీటర్ల నెగెటివ్ మీద తీశారు, 2012 నాటికి 4కెలో బాగుచేశారు. డిస్కు అన్న వస్తువు ఎందుకుందని ఎవరైనా అడిగితే నేను మాటలతో వాదించను, ఈ నాలుగు నిమిషాలు చూపిస్తాను.

జపాన్ దర్శకుడు కురొసావా తీసిన ‘సెవెన్ సమురాయ్’ (1954) వాన కోసం కొనండి. చివరి యుద్ధంలో పడే వానను గీతలుగా కాక బరువుగా చూడాలంటే నెట్ సరిపోదు. మూడున్నర గంటల సినిమా, ఆదివారం భోజనం కాగానే మొదలుపెట్టండి.

ఇంట్లో ఇంగ్లీషు రాని పెద్దవాళ్లుంటే ‘బరకా’ (1992) తెచ్చిపెట్టండి. మాట ఒక్కటీ లేదు. దేశదేశాల గుళ్లు, అడవులు, నగరాలు, మన కాశీ ఘాట్లు వరుసగా వస్తాయి. పెద్ద నెగెటివ్ నుంచి 8కెలో స్కాన్ చేసి 2008లో బ్లూరే తెచ్చారు. మా అమ్మ దీన్ని పదిసార్లు చూసి ఉంటుంది, సినిమా పేరు మాత్రం తెలియదు, ‘ఆ దేశాలది పెట్టు’ అంటుంది.

‘బాహుబలి’ రెండు భాగాలూ శబ్దం కోసం. జలపాతం దగ్గర ఇంటి గోడలు కదలాలి, అందుకు టీవీ కింద కనీసం ఒక సౌండ్‌బార్ ఉండాలి. లేకపోతే ఈ పెట్టెకు డబ్బు పెట్టకండి.

‘షోలే’ అభిమానులు కాస్త ఓపిక పట్టండి. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేయించిన ప్రతిని, మొదట అనుకున్న ముగింపుతో సహా, 2025 జూన్‌లో బొలోన్యా చిత్రోత్సవంలో చూపించారు. ఆ ప్రతి డిస్కుగా వచ్చేదాకా పాతవాటి మీద ఖర్చు చేయకండి.

కొనకుండా రాసిపెట్టుకోవలసినవి

తెలుగులో బ్లూరేగా వచ్చినవే తక్కువ, ఇవాళ అంగట్లో ఉన్నవి మరీ తక్కువ. కాబట్టి మరో కాగితం మీద ఎదురుచూపుల జాబితా పెట్టుకోండి. నాదిలా ఉంది: బాలు మహేంద్ర కెమెరా కోసం ‘శంకరాభరణం’ (1980). పి.సి.శ్రీరామ్ పొగమంచు కోసం ‘గీతాంజలి’ (1989). మన కొండ కోసం, కీరవాణి సంగీతం కోసం, ఎ.విన్సెంట్ వెలుగుల కోసం ‘అన్నమయ్య’ (1997). తెరకు నిండుగా ఎలా చిత్రీకరించారో చూడటానికి తెలుగులో తొలి సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ (1974), తొలి 70 ఎంఎం ‘సింహాసనం’ (1986). జిల్లా పేరును ఇంటిపేరుగా మోసిన చిత్తూరు నాగయ్య గొంతు కోసం ‘త్యాగయ్య’ (1946).

పాతవాటిని బాగుచేసి హాళ్లలో మళ్లీ ఆడించడం ఈమధ్య పెరిగింది. 2025 మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ అలాగే వచ్చింది. ఇలా వచ్చినప్పుడు హాలుకు వెళ్లి ముందువరుసల్లో కూర్చొని చూడండి. జరీ అంచు కనిపిస్తే మంచి స్కాను జరిగిందని తెలిసిపోతుంది, జాబితాలో ఆ పేరు పక్కన టిక్కు పెట్టుకోవచ్చు. ఈలోగా అసలైన డీవీడీ చేతికందితే వదలకండి. డిస్కుల కంపెనీ మోజర్ బేర్ ఒకప్పుడు 34 రూపాయలకు డీవీడీలు అమ్మిన రోజుల్లో కొన్నవి మా ఇంట్లో ఇంకా ఆడుతున్నాయి.

టీవీని దారిలో పెట్టడం

ఇది పది నిమిషాల పని, కానీ చాలా ఇళ్లలో జరగదు. టీవీ అమరికల్లోకి వెళ్లి కదలికలను నునుపు చేసే సదుపాయాన్ని ఆపేయండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీసినది, మధ్యలో టీవీ సొంతంగా ఫ్రేములు కల్పిస్తే ఎన్టీఆర్ నడక కూడా సీరియల్ నడకలా ఉంటుంది. ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ అన్న చిత్రరీతి పెట్టండి. మొదటి రోజు పసుపుగా, మందంగా అనిపిస్తుంది, మూడో రోజుకు కన్ను సర్దుకుంటుంది. అంచులు కోసే ఓవర్‌స్కాన్‌ను తీసేయండి. 55 అంగుళాల టీవీకి ఏడడుగుల దూరంలో కుర్చీ వేసుకోండి.

నల్ల పట్టీల గురించి మా పెదనాన్నతో పెద్ద గొడవే అయింది. ‘మాయాబజార్’ దాదాపు చదరంగా తీసిన బొమ్మ కనుక వెడల్పు టీవీలో ఇరుపక్కలా నలుపు మిగులుతుంది. డబ్బు పెట్టి కొన్న టీవీలో పావువంతు ఖాళీగా ఉంచుతావా అని ఆయన రిమోట్ తీసుకొని తెర నిండేలా బొమ్మను జూమ్ చేశారు. ‘వివాహ భోజనంబు’ వచ్చేసరికి ఎస్వీ రంగారావు కిరీటం పైన తెగిపోయింది, విస్తరి కింద తెగిపోయింది. లడ్డూలు ఎక్కడి నుంచి లేచి వస్తున్నాయో తెలియక ఆయనే రిమోట్ వెనక్కి ఇచ్చారు.

దాచడం, అరువివ్వడం

డిస్కులను పుస్తకాల్లా నిలువుగా పెట్టండి, కిటికీ ఎండ పడనివ్వకండి. మన ఎండాకాలంలో కారులో వదిలేస్తే పెట్టె వంగిపోతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో అలమరలో తేమ పీల్చే చిన్న పొట్లాలు రెండు పడేయండి. బ్లూరేలో సమాచారం ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డీవీడీలో 0.6. పైన గట్టి పూత ఉన్నా లోతైన గీత పడితే అంతే. తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకండి.

అరువిచ్చేటప్పుడు పేరు, తేదీ ఒక నోటుబుక్కులో రాయండి. నా నోటుబుక్కులో 2019 సంక్రాంతికి చంద్రగిరి బావ పట్టుకెళ్లిన ‘లారెన్స్’ ఎదుట ‘రావాలి’ అని రాసి ఉంది. పైన చెప్పిన ఆ నాలుగు నిమిషాలు ఎవరికైనా చూపించాలంటే నేనిప్పుడు బస్సెక్కి వాళ్లింటికి వెళ్తున్నాను.